ఎడమవైపు జాయింటు

ఆ రోజు స్టీరింగు బాబాయి పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం ఒంటిగంటలోగా పెన్షన్ కౌంటరుకు వెళ్లి, తాను బతికే ఉన్నానని చెప్పి రావాలి. ఆ తర్వాత బస్సెక్కి ఇంటికొచ్చి, భోంచేసి, ఓ కునుకు తీయాలి.

సిటీ బస్సు డ్రైవరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరై ఎనిమిదేళ్లయినా ఆయన చేతులు ఖాళీగా ఉండటం ఇంకా నేర్చుకోలేదు. కుర్చీలో కూర్చుంటే రెండు చేతులూ గాల్లో గుండ్రంగా దేన్నో పట్టుకుంటాయి. ఎవరి బండైనా ఎక్కితే కుడికాలు లేని బ్రేకును తొక్కుతుంది. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన స్టీరింగు బాబాయి. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ పిన్ని.

ఏటా ఈ పని చిటికెలో అయిపోయేది. వీధి చివర బ్యాంకు మేనేజరు 'వీరు సజీవులే' అని రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆ కాగితం పోస్టులో పోయేది. ఈ ఏడు ప్రభుత్వం నిబంధన మార్చింది. ఎవరి ప్రాణానికి వాళ్లే స్వయంగా వచ్చి జవాబు చెప్పుకోవాలి. ఆ కబురు మోసుకొచ్చినవాడు ఎదురింటి రూల్సు మావయ్య. రికార్డు గదిలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టిన మనిషి, రూలు చూడనిదే తుమ్మడు. ముందురోజు సాయంత్రం గుమ్మంలో నిలబడే బాంబు పేల్చాడు.

"ఇదివరకటిలా కాదు బావా. ఇప్పుడు కమిటీ వేశార్ట. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతార్ట. వయసెంత, పరిస్థితి ఎలా ఉంది, ఇంకెన్నాళ్లు లాగుతుంది, అన్నీ."

"ఇంకెన్నాళ్లో నాకేం తెలుసు బావా?"

"తెలీదనకూడదు. తడబడ్డావో, అనుమానం అని రాసేస్తారు. మా ఆఫీసులో ఒకాయన్ని అలాగే చంపేశారు. మనిషి ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు, కాగితంలో మాత్రం పోయాడు. మళ్లీ బతకడానికి ఏడాదిన్నర పట్టింది."

చావు కబురు చల్లగా చెప్పేసి ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇల్లంతా పరీక్షల ముందు రోజులా తయారైంది. పెన్షన్ పుస్తకంలోని ఫొటోలో బాబాయి జుట్టు నల్లగా ఉంది కాబట్టి, పిన్ని రాత్రికి రాత్రి ఆయన తలకు రంగు వేసింది. పొద్దున్నే మోకాళ్ల ఎక్స్‌రేలు వెతికి తీసింది. మడిస్తే పాడవుతాయని వాటిని చుట్టి, కేలండరు వచ్చిన పొడుగాటి అట్టగొట్టంలో దూర్చింది.

"మోకాళ్లు బాగా పాడయ్యాయని గట్టిగా చెప్పండి. వచ్చే ఏడు ఇంత దూరం రాలేననండి. జాలిపడి ఇంటికే మనిషిని పంపిస్తారేమో."

"అడిగితేనే చెప్తానోయ్. అడక్కుండా చెప్తే బాగోదు."

"అడక్కపోయినా చెప్పండి. మొహమాటపడితే మోకాళ్లు మనవే."

ఆ ఆఫీసు నది అవతల ఉన్న నాలుగంతస్తుల మేడ. బాబాయి వెళ్లేసరికి కింది అంతస్తుకు రంగులు వేస్తున్నారు. కిటికీలకు పాత కాగితాలు అంటించి, బల్లలన్నీ ఓ మూలకు నెట్టారు. గోడ మీద 'పెన్షన్ కౌంటరు' అని రాసి, పక్కన బాణం గుర్తు వేసిన అట్ట ఉంది. ఒక మూల గోందు ఊడిపోవడంతో అట్ట కిందికి వేలాడుతూ, కుడివైపు చూడాల్సిన బాణం తిన్నగా మెట్లవైపు చూస్తోంది.

లిఫ్టు ముందు రంగు డబ్బాలు పేర్చి ఉన్నాయి. బాబాయి నిట్టూర్చి మెట్లు పట్టుకున్నాడు. పెన్షనర్లను ఇన్ని మెట్లు ఎక్కించడం కూడా పరీక్షలో భాగమే కాబోలు, ఎక్కినవాడు బతికున్నట్టే లెక్క అనుకున్నాడు. ఒక్కో మెట్టుకు ఎడమ మోకాలు కిర్రుమంటోంది.

పైన తెల్ల యూనిఫారం అటెండరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వయసు మళ్లిన మనిషినీ, చేతిలోని అట్టగొట్టాన్నీ చూడగానే మొహం విప్పారింది.

"రిటైరైన వారేనా సార్?"

"ఎనిమిదేళ్లయింది బాబూ."

"రవాణా శాఖేనా?"

"మొత్తం సర్వీసంతా అందులోనే."

"కమిటీ ముందుకేనా?"

"అలాగే చెప్పారు మరి."

"హమ్మయ్య! నలభై నిమిషాల నుంచి మీ కోసమే చూస్తున్నారు సార్. రండి, రండి." అటెండరు అట్టగొట్టాన్ని రెండు చేతులతో అందుకుని, పెళ్లికొడుకును తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టాడు.

గుర్రపు నాడా ఆకారంలో బల్ల. దాని చుట్టూ తొమ్మిదిమంది. మధ్యలో తెల్లజుట్టు, మందపాటి కళ్లద్దాలు ఉన్న ఒకావిడ. ఆమె అధ్యక్షురాలని ముందున్న పలక చెబుతోంది. ఆమెకు ఎడంపక్కన ఇంతలేసి మీసాలున్న సభ్యుడు. మూల కూర్చున్న స్టెనో వేళ్లు విరుచుకుంటోంది. వెనక కుర్చీల్లో ఒక విలేకరి ఆవలిస్తున్నాడు. బాబాయి ముందున్న పలక మీద 'సాక్షి' అని ఉంది. తాను బతికున్నాడనడానికి తనకన్నా పెద్ద సాక్షి ఎవరుంటారు, న్యాయమే అనుకున్నాడు బాబాయి.

అది చట్టసభ వేసిన రవాణా కమిటీ. నది మీది పాత వంతెన ఇంకా గట్టిగా ఉందా లేదా అన్నది తేల్చడానికి కూర్చుంది. ఆ వంతెన మీద నివేదిక రాసిన రిటైర్డు చీఫ్ ఇంజనీరు ఆ రోజు వాంగ్మూలం ఇవ్వాలి. కారు టైరు పంక్చరవడంతో ఆయన నదికి అటువైపే ఎక్కడో ఆగిపోయాడు. ఈ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు. బాబాయికి అసలే తెలియదు.

నిజమే చెబుతానని ఆయన చేత ప్రమాణం చేయించారు. "ఇప్పటికే ఆలస్యమైంది," అంది అధ్యక్షురాలు. "పేరు, హోదా, పరిచయాలు అన్నీ మా కాగితాల్లో ఉన్నాయి. నేరుగా విషయంలోకి వెళ్దాం. వయసెంత?"

బాబాయి ఇరుకున పడ్డాడు. ప్రమాణం చేశాక అబద్ధం ఎలా ఆడటం? "కాగితాల ప్రకారం అరవై ఆరండి. నిజానికి అరవై ఎనిమిది."

"అదేమిటి?"

"అప్పట్లో రెండేళ్లు తగ్గించి రాయించేవాళ్లండి. అందరూ అదే చేసేవాళ్లు."

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మీసాలాయన, "రాసుకో, రాసుకో," అని స్టెనోకు సైగ చేశాడు.

"కానీ చూడటానికి బాగానే కనిపిస్తోంది కదా?" అంది అధ్యక్షురాలు.

బాబాయి సిగ్గుపడి తల నిమురుకున్నాడు. పిన్ని పనితనం అప్పుడే దొరికిపోయింది. "ఈ మధ్యే రంగు వేశామండి. నలుగురూ చూస్తారని పైపై మెరుగులు. లోపలి సంగతి వేరు."

"అంటే, జాయింట్లు?"

తాను చెప్పకముందే అడిగారు! బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "అసలు గొడవంతా అదేనండీ. రెండు జాయింట్లూ అరిగిపోయాయి. ఎడమవైపుది మరీ అన్యాయం. కిర్రుకిర్రుమంటుంది. వానాకాలం వస్తే పట్టేస్తుంది."

"పరీక్ష చేయించారా?"

"ఎక్స్‌రే తీయించామండి. రెండువైపులా. ఇదిగో," అంటూ గొట్టం మీద చెయ్యి వేశాడు.

"వంద పేజీల నివేదికలు చూశాం గానీ ఎక్స్‌రే దాకా వెళ్లినవాళ్లు లేరు," అని ఒక సభ్యుడు మెచ్చుకున్నాడు. "మరి ఎంత బరువు తట్టుకుంటుందన్నారు?"

"పది దాటకూడదన్నారండి."

కిలోలు అనేది ఆయన మనసులోనే ఉండిపోయింది. స్టెనో 'పది టన్నులు' అని రాసుకుంది. నిండు బస్సు బరువు పదిహేను టన్నులు. అధ్యక్షురాలి కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి.

"ఇలా ఉంటే మరమ్మతు చేయించకుండా ఎందుకు ఊరుకున్నారు?"

"పాతవి తీసేసి కొత్తవి వేయాలన్నాడండి స్పెషలిస్టు. నేను సరేనన్నాను. హోం డిపార్టుమెంటు ఒప్పుకోలేదు."

పెళ్లాన్ని హోం డిపార్టుమెంటు అనడం డిపోలో అందరికీ అలవాటే. ఆ అలవాటు ఈ హాల్లో లేదు.

"హోం శాఖా?" మీసాలాయన కుర్చీలోంచి లేచాడు. "రవాణా విషయంలో హోం శాఖకేం పని?"

"వాళ్లకు పని లేని విషయం ఏముందండీ? ఎందులోనైనా ఆఖరి మాట వాళ్లదే. కోత కొయ్యడానికి వీల్లేదు, నూనె రాస్తే చాలు అన్నారు. మూడేళ్ల నుంచి నూనెతోనే నడిపిస్తున్నాం."

"నూనె!" మీసాలు వణికాయి. "లక్షలమంది ప్రాణాలు నూనె మీద నడుస్తున్నాయి! అధ్యక్షా, నేను ముందునుంచీ మొత్తుకుంటున్నాను." ఆయన ఫోను చెవికి పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. వెనక కూర్చున్న విలేకరి ఆవలింత సగంలో ఆపి ఆయన వెంట పడ్డాడు.

లక్షలమంది ఎక్కణ్ణుంచి వచ్చారో బాబాయికి అర్థం కాలేదు. పెన్షనర్లందరి తరఫునా మాట్లాడుతున్నాడు కాబోలు అనుకున్నాడు. ఇంత పెద్దవాళ్లు తన మోకాళ్ల కోసం ఇలా తల్లడిల్లిపోవడం చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

అధ్యక్షురాలు కార్యదర్శి వైపు వంగి, "ముందు బస్సులు ఆపమని చెప్పండి," అంది మెల్లగా. తర్వాత బాబాయి వైపు తిరిగింది. "ఇంకెన్నాళ్లు ఆగుతుందంటారు?"

రూల్సు మావయ్య చెప్పిన ప్రశ్న! బాబాయి తడబడలేదు. "జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లు లాగొచ్చండి. ఇలాగే పరుగులు పెట్టిస్తే మాత్రం హామీ లేదు. పోయిన నెల కూరగాయల మార్కెట్ ముందు ఉన్నపళంగా కూలబడటం కూడా జరిగింది."

హాలంతా ఉలిక్కిపడింది. "కూలబడిందా? ఎవరూ మాకు చెప్పలేదే!"

"చెప్పి అందర్నీ కంగారుపెట్టడం ఎందుకని. కూరలమ్మే అమ్మాయీ, ఇద్దరు ఆటోవాళ్లూ వచ్చి, రెక్కలు పట్టుకుని లేపారండి. గోడకు ఆనించి నిలబెట్టి మంచినీళ్లు తాగించారు."

స్టెనో చెయ్యి ఆగిపోయింది.

"మంచినీళ్లు," అంది అధ్యక్షురాలు జాగ్రత్తగా, "ఎవరికి తాగించారు?"

"నాకేనండి."

"మీరు ఇంతసేపూ దేని గురించి చెబుతున్నారు?"

"మోకాళ్ల గురించేనండి. మీరూ అదే కదండీ అడుగుతున్నారు?" బాబాయి గొట్టంలోంచి ఎక్స్‌రే లాగి వెలుతురుకు పట్టాడు. రెండు మోకాళ్లు తొమ్మిదిమంది సభ్యుల ముందు తెల్లగా ప్రత్యక్షమయ్యాయి.

ఆ తర్వాత ఐదు నిమిషాల్లో నిజం బయటపడింది గానీ, ఆ ఐదు నిమిషాల్లోనే లోకం చాలా దూరం వెళ్లిపోయింది. బస్సులు ఆపమంటే పోలీసులు ఎందుకొచ్చిన గొడవని సైకిళ్లతో సహా అన్నీ ఆపేశారు. వంతెనకు రెండు వైపులా మైలు పొడుగున బండ్లు నిలిచిపోయాయి. టీవీలో 'వంతెన జాయింట్లకు హోం శాఖ అడ్డు' అని ఎర్రక్షరాలు పరిగెడుతున్నాయి. తనకు వంతెన సంగతే తెలియదని హోం మంత్రి ప్రకటిస్తే, తెలియకపోవడమే నేరమని మీసాలాయన బయట మైకుల ముందు రాజీనామా అడిగేశాడు. కార్యదర్శి వెళ్లి ఆయన చెవిలో అసలు విషయం చెబితే, ఆయన మొహం కందగడ్డైంది.

"మోకాళ్లా? నేను రాజీనామా అడిగేశానయ్యా! ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకోను?"

హాల్లో నాలుగు ఫోన్లు ఒకేసారి మోగుతున్నాయి. వంతెన వెంటనే తెరవమని పైనుంచి ఒత్తిడి. అటెండరు గోడకు అంటుకుపోయి, తాను లేనట్టే నిలబడ్డాడు. బాబాయి ఎక్స్‌రేలు చుట్టుకుంటూ లేచాడు.

"తప్పైపోయిందమ్మా. నేను పెన్షన్ కోసం వచ్చాను. బతికున్నానని చెప్పడానికి. ఎవరింటికో పోయి భోజనానికి కూర్చున్నట్టయింది."

అధ్యక్షురాలికి కోపం రావాలి. రాలేదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. "ఫర్వాలేదు, పేరు అడగనిది మేమే. కౌంటరు కింద ఉంది, ఒంటిగంటకు మూసేస్తారు, వెళ్లండి. కార్యదర్శిగారూ, వంతెన తెరవమని చెప్పండి."

బాబాయి తలుపు దాకా వెళ్లాడు. గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. దిగడానికి పది నిమిషాలు, వరుసలో అరగంట. సరిపోతుంది. కానీ చెయ్యి తలుపు మీద పెట్టాక కాలు కదల్లేదు. సాయంత్రం బడి బస్సులు వంతెన ఎక్కే వేళ ఆయన కళ్లముందు కదిలింది. ఇంతసేపూ అడగని విషయానికి జవాబు చెప్పాడు. అడిగిన విషయం తనకు తెలుసు.

ఆయన వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఇందాక మీరడిగింది పాత వంతెన గురించేనా?"

"అవును."

"అయితే ఒక్క మాట. ప్రమాణం ఎలాగూ చేశాను కదా."

"చెప్పండి."

"ఆ వంతెన మీద రోజుకు ఆరు ట్రిప్పులు ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపాను. మార్కెట్ వైపు నుంచి ఎక్కితే మూడో స్తంభం దగ్గర చిన్న కుదుపు వచ్చేది. మొదట్లో 'టక్' అనేది. స్టీరింగు పట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. పదేళ్లకు 'టకటక్' అయింది. నేను రిటైరయ్యే నాటికి, వెనక సీట్లో నిద్రపోయేవాళ్లు కూడా లేచి 'మా స్టాపు వచ్చిందా' అని అడిగేవాళ్లు. ప్రతి నెలా డిపో పుస్తకంలో రాశాను. బస్సు స్ప్రింగుల లోపమని మెకానిక్కు పంపేవాళ్లు. నాలుగుసార్లు స్ప్రింగులు మార్చారు. బస్సులు కూడా మార్చారు. కుదుపు మాత్రం అక్కడే ఉంది."

హాల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి గానీ ఎవరూ ఎత్తడం లేదు.

"ఇవాళ పొద్దున వస్తుంటే కూడా ఉంది," అన్నాడు బాబాయి. "ఇప్పుడు ముందుకన్నా వేరేగా ఉంది. ఇదివరకు పైకి ఎగరేసేది. ఇవాళ కిందికి దిగినట్టయింది."

అధ్యక్షురాలు పెన్ను బల్ల మీద పెట్టింది. "ఏ వైపు?"

"ఎడమవైపండి."

అప్పుడే కార్యదర్శి ఫోను తెచ్చాడు. లైన్లో చీఫ్ ఇంజనీరు. కోపంతో అరుస్తున్న ఆయన గొంతు అందరికీ వినిపించేలా పెట్టారు.

"టైరు మార్చుకుని వచ్చేసరికి వంతెన మూసేశారు! ఇది పిచ్చితనం. వంతెన భేషుగ్గా ఉంది. నలభై పేజీల నివేదిక ఇచ్చాను."

"మూడో స్తంభం కింద ఎలా ఉందో ఏ పేజీలో ఉంది?" అంది అధ్యక్షురాలు.

"కింద బురదమ్మా."

"నేను పేజీ అడిగాను."

అవతల బండ్ల హారన్ల మధ్య ఇంజనీరు గొంతు తగ్గింది. "దాని దగ్గరికి దిగలేదు. గట్టు మీంచి చూశాం. రంగు చెక్కుచెదరలేదు."

"మీరిప్పుడు వంతెన పక్కనే ఉన్నారు. ట్రాఫిక్ కూడా లేదు. దిగి చూడండి. మీరు ఫోను చేసే దాకా వంతెన తెరవను."

"ఎవరి మాట మీద దిగాలి? ఎవరా నిపుణుడు?"

"బస్సు డ్రైవరు," అని అధ్యక్షురాలు ఫోను పెట్టేసింది.

పైనుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఆమె ఎత్తి, "అరగంట," అని మాత్రం చెప్పి పెట్టేసింది. తన మాట నమ్మి ఆవిడ పదవి మీదకి తెచ్చుకుంటోందని బాబాయికి అర్థమైంది. ఇక ఆయన వెళ్లలేకపోయాడు. సాక్షి కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతులూ గాల్లో గుండ్రంగా పట్టుకున్నాయి, కుడికాలు నేలను నొక్కి పట్టింది. కుదుపు నిజంగా తన మోకాళ్లలోనే ఉంటే? ముసలితనంలో ఒంటి నొప్పిని ఊరి మీద రుద్దుతున్నానేమో అని భయం వేసింది. అటెండరు టీ తెచ్చి ఎదురుగా పెట్టాడు. అది తాగేవాడు లేక తొరక కట్టింది.

ఇరవై ఆరు నిమిషాలకు ఫోను మోగింది. ఈసారి ఇంజనీరు గొంతులో అరుపు లేదు.

"అమ్మా, నా గొడుగు పట్టింది."

"ఏమిటి?"

"పగుల్లో. మూడో స్తంభం, ఎడమవైపు. ఎంత లోతుందో చూద్దామని గొడుగు పెడితే పిడి దాకా వెళ్లిపోయింది. బయటికి రావడం లేదు." ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "నా ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. ఎవర్నీ ఎక్కనివ్వకండి. నేనూ ఇక్కడే ఉంటాను, ఎవరైనా తొందరపడి ఎక్కుతారేమో."

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. స్టెనో చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న మీసాలాయన మాత్రం గబగబా మైకుల దగ్గరకు బయల్దేరాడు. రాజీనామా ఎవరిది అడిగితేనేం, వంతెనలో పగులైతే దొరికింది కదా.

బాబాయి అప్పుడు గడియారం చూశాడు. ఒంటిగంటా ఐదు.

అధ్యక్షురాలు కంగారుపడి, తన పేరున్న కాగితం మీద స్వయంగా నాలుగు వాక్యాలు రాసి, ముద్ర వేయించి ఇచ్చింది. బాబాయి అది పట్టుకుని, అటెండరు భుజం ఆసరాతో కిందికి దిగాడు. కౌంటరు దగ్గర చిన్నవయసు గుమాస్తా అమ్మాయి కిటికీ తలుపు వేస్తోంది. కాగితం తీసుకుని శ్రద్ధగా రెండుసార్లు చదివింది.

"పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా మీరు కమిటీ ముందు ఉన్నారని రాశారండి."

"అవునమ్మా. ప్రాణాలతోనే ఉన్నాను."

"కమిటీ ముందు ఉంటే చాలదు బాబాయిగారూ. కౌంటరు ముందు ఉండాలి. నిబంధనలో కౌంటరు అనే ఉంది."

"ఇప్పుడు ఉన్నాను కదమ్మా?"

"ఇప్పుడు ఉన్నారండి. ఒంటిగంటకు లేరు. ఒంటిగంట తర్వాత మిషనే తీసుకోదు." ఆ అమ్మాయి నిజంగానే బాధపడుతోంది. "వచ్చే నెల మొదటి తారీఖున రండి. రెండు నెలలదీ కలిపి వచ్చేస్తుంది. అందాకా..."

"అందాకా పోయినట్టేనా?"

"అయ్యో, కాదండీ. 'పెండింగు' అని పెట్టాను."

బతుకుకూ చావుకూ మధ్య ప్రభుత్వం ఇంకో గది కట్టిందని బాబాయికి ఆ రోజే తెలిసింది. నవ్వొచ్చింది. అమ్మాయికి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. పిన్ని అప్పటికి మూడుసార్లు ఫోను చేసింది.

"ఏమండీ, బతికే ఉన్నారన్నారా?"

"సగం దాకా ఒప్పుకున్నారోయ్. ఇంటికొచ్చి చెప్తాను."

"ఎలా వస్తారు? పాత వంతెన మూసేశార్టగా! ఎవరో సాక్షి ఏదో వాగాట్ట."

"ఆ, విన్నాను," అన్నాడు బాబాయి.

వంతెన మీదుగా అయితే ఇరవై నిమిషాల దారి. ఇప్పుడు బస్సులన్నీ ఊరి చుట్టూ తిప్పి, ఆరు మైళ్ల అవతలి కొత్త వంతెన మీదుగా పంపుతున్నారు. గంటన్నర పడుతుందని కండక్టరు చెప్పాడు. బాబాయికి కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కిక్కిరిసి ఉంది, అందరి నోళ్లలోనూ ఒకటే మాట.

"బడి వదిలేస్తారు, పిల్లలు గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటారు," అంది సంచీ ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ.

"పగులుందట కదండీ," అన్నాడు నిలబడ్డ ఒకతను.

"ఉంటే ఉందయ్యా. ఇన్నాళ్లూ నిలబడలేదా? ఇంకో నాలుగురోజులు నిలబడేది."

"ఆ కింద గొడుగు పట్టుకుని ఒకాయన కాపలా కూడా కాస్తున్నాట్ట."

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. దూరంగా పాత వంతెన ఖాళీగా ఉంది. దాని మీద ఒక్క బండి లేకుండా ఆయన ఎన్నడూ చూడలేదు. మూడో స్తంభం దగ్గర బురదలో చిన్న చీమల్లా మనుషులు తిరుగుతున్నారు. ఎవరూ కింద పడలేదు. ఎవరూ పడబోవడం లేదు. ఆయన మోకాళ్లు సలుపుతున్నాయి గానీ, కుడికాలు బ్రేకు మీంచి తీసి, హాయిగా ముందుకు చాపాడు.

పక్క సీట్లో కళ్లజోడు పెద్దమనిషి గడియారం చూసుకుని నిట్టూర్చాడు. "కమిటీ ముందు ఎవడో రిటైరైనవాడు నోరు పారేసుకున్నాట్టండీ. పనీపాటా ఉండదు, నెల తిరిగేసరికి పెన్షన్ వస్తుంది. ఇలాంటివాళ్లకి అది ఆపేస్తే గానీ బుద్ధి రాదు."

"ఆపేశారండీ," అన్నాడు బాబాయి. "అయినా రాలేదు."